బొట్టు పెట్టిన ఓవెన్

"రెండింటికి మళ్ళీ కూర్చుందాం" అని చెప్పి లేచి వచ్చేసిన కాత్యాయనికి, లిఫ్టులో నిలబడ్డాక కూడా ఆ ఫొటో కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. కొత్త మైక్రోవేవ్ ఓవెన్. దాని అద్దం తలుపు మీద పసుపు, నడుమ కుంకుమ బొట్టు, పైన ఓ నిమ్మకాయ. పక్కన ఫిర్యాదు పెట్టిన మనిషి, తలకు స్కార్ఫు చుట్టుకున్న హాజరా, చేతిలో సగం కొరికిన లడ్డు, ముఖాన నవ్వు. వెనకాల ఆఫీసు జనమంతా చప్పట్లు కొడుతూ. ఓవెన్‌కి అంటించిన స్టిక్కరు మీద పెద్దక్షరాల్లో ఆవిడ పేరు. ఈ ఫొటోని ఆవిడ మేనేజరు వీరభద్రరావు తన తరఫు సాక్ష్యంగా తెచ్చాడు. తెచ్చి, పెళ్ళి ఆల్బం చూపించేవాడిలా బల్ల మీద ముందుకు జరిపి, "చూడండమ్మా, మనిషిని వేరుగా చూసేవాడైతే జేబులోంచి డబ్బు తీసి ఓవెన్ కొంటాడాండీ" అన్నాడు. ఆ బొట్టు చూసి కాత్యాయనికి నవ్వొచ్చింది. కొత్త సర్వరుకి బొట్టు, కొత్త ప్రింటరుకి బొట్టు, కొత్త కారుకి బొట్టు, చివరికి హాజరా అన్నం వెచ్చబెట్టుకునే ఓవెన్‌కీ బొట్టు. నవ్వు పెదవి చాటున నొక్కేసింది. ఆ నవ్వుతో పేచీ లేదు. దాని వెనకే మనసులోకి వచ్చిన మాట ఉందే, అదే ఇప్పుడు గుచ్చుకుంటోంది. పాపం, ఎంత మంచివాడు. ఆ మాట ముందొచ్చింది. హాజరా ముఖం చూడటం తర్వాతే.

లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగుతోంది. ప్రతి అంతస్తులోనూ మెడలో బ్యాడ్జీలు వేలాడేసుకున్న కుర్రాళ్ళు ఎక్కుతున్నారు, సగం మంది మనవాళ్ళే. చెన్నైలో విమానం ఎక్కిన ప్రతివాడూ ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా దిగుతున్న రోజులు. బ్యాంకులకి మనుషులు చాలడం లేదు, మనుషులకి ఫ్లాట్లు చాలడం లేదు, ఊరి చివర టాంపినీస్‌లో అద్దెకి ఇల్లు చూడబోతే మెట్ల మీద క్యూ. ఉద్యోగాలు పెరిగిన కొద్దీ ఫిర్యాదులూ పెరిగాయి, వాటిని వినడం కాత్యాయని పని. కొన్ని దేశాల్లో ఇలాంటివాటికి మానవ హక్కుల ట్రిబ్యునల్ ఉంటుందట, జడ్జీలు, వాదనలు, తీర్పులు. తన దగ్గర ఉన్నది ఒక గుండ్రటి బల్ల, నాలుగు నీళ్ళ సీసాలు, ఒక టిష్యూ డబ్బా. ఇద్దరినీ కూర్చోబెట్టి వినాలి, కలిస్తే కలపాలి, కలవకపోతే ఫైలు పై అంతస్తుకి విచారణకి పంపాలి. "అమ్మా, యువర్ జాబ్ ఈజ్ వాట్? లిసన్ అండ్ లిసన్ ఓన్లీ లా" అని ఈ ఊరి యాసలో అంటుంది కూతురు భువన. నిజమే. కానీ ఇవాళ విన్నది చెవిలో కుదురుగా కూర్చోవడం లేదు. నాలుగేళ్ళుగా అదే కంపెనీలో చేస్తున్న హాజరాకి ఈ డిసెంబరుతో కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించం అన్నారు. కారణం ఒకే ఒక్క వాక్యం: జట్టుతో కలవదు. ఆ వాక్యం నిలిస్తే ఈ దేశంలో ఉండి పనిచేసుకోనిచ్చే ఆవిడ పాసు పోతుంది, ఆవిడ పాసు మీద ఉంటున్న మొగుడు షౌకత్ పోవాలి, మూడో క్లాసు చదువుతున్న కొడుకు జైద్ పోవాలి. పైగా కొత్త కంపెనీ ఏదైనా పాత కంపెనీకి ఫోను చేస్తే వినబడేది అదే వాక్యం. "నాకు గెలుసుడు అక్కరలేదు మేడమ్. పని రాదని రాస్తే పడేదాన్ని. కలవదని రాసిన్రు. అది కొట్టెయ్యమనున్రి" అంది పొద్దున. అంతే అడిగింది. దానికి జవాబుగా ఆయన ఓవెన్ ఫొటో బయటికి తీశాడు.

లిఫ్టు కిందికి చేరింది. తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా ఆయనే, పక్క లిఫ్టులో ముందే దిగేసినట్టున్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నుదుటి మీద చిన్న విభూది రేఖ, చేతిలో టిఫిను సంచీ. వీరభద్రరావు భీమవరం మనిషి, ఎక్కడ నిలబడినా పెళ్ళికొచ్చినవాళ్ళని ఆహ్వానిస్తున్నట్టే ఉంటాడు.

"భోజనానికా అమ్మా? మా ఆవిడ పులిహోర పెట్టింది, రండి, ఇద్దరికీ సరిపోద్ది."

"వద్దండీ. ఒక పక్షంతో కలిసి తినకూడదు, రూలు."

"రూలా? తినడానికి కూడానా?" నవ్వాడు. "తమది విజయనగరం అన్నారుగా. మా తోడల్లుడు అక్కడే చేశాడండి, కోట దగ్గర. ఏవండీ, ఒక్క మాట. ఆ పిల్లని నేనేనాడూ పల్లెత్తు మాటనలేదు. మా అమ్మాయిలాంటిది. మీరు మనవాళ్ళు కాబట్టి చెబుతున్నా, చీనావాళ్ళకి చెబితే అర్థం కాదు. ఆఫీసులో మేవందరం శాకాహారులం. ఓ రోజు ఆవిడ మటన్ తెచ్చింది. ఏవన్నా అన్నానా? అన్లేదు. ఆవిడ మనసు కష్టపెట్టకూడదు, మావాళ్ళూ ఇబ్బంది పడకూడదు. రెండూ ఆలోచించే ఓవెన్ కొన్నా."

"రెండింటికి మాట్లాడుకుందామండీ" అని కాత్యాయని గాజు తలుపు తోసుకుని బయటికి వచ్చేసింది. బయట ఎండ నీటావిరిలా ముఖానికి కొట్టింది. మా అమ్మాయిలాంటిది. ఆయన అబద్ధం చెప్పడం లేదు, అదే చిక్కు. అబద్ధం చెప్పేవాడైతే ఎంత సుఖం. ఈ పదేళ్ళలో ఎంతమందిని చూసింది, గర్భిణి అని తీసేసి పనితీరు బాలేదన్నవాడు, నల్లగా ఉందని కౌంటరు వెనక్కి తోసేసి భాష రాదన్నవాడు. వాళ్ళ కళ్ళు బల్ల కిందికి పోతాయి, చేతులు పెన్ను మూత తీసి పెడుతూ ఉంటాయి, అప్పుడు దారం కొస దొరికినట్టే. ఈయన కళ్ళు సూటిగా ఉన్నాయి. చేతులు నిమ్మళంగా ఉన్నాయి. ఎక్కడ పట్టుకోవాలి?

సిగ్నలు దగ్గర ఆగితే ఫోను మోగింది. తన ఆఫీసు డైరెక్టరు. "కాత్యా, ఓవెన్ కేసు క్లోజ్ కెన్ ఆర్ నాట్? సచ్ ఎ నైస్ బాస్, బై హర్ ఓవెన్ సమ్మోర్." అంత మంచి బాసు, పైగా ఓవెన్ కూడా కొనిచ్చాడు, మూసేయొచ్చుగా అంటున్నాడు. పొద్దుటి ఫొటో ఈపాటికి ఆయన గదిదాకా ఎక్కినట్టుంది. చూస్తానంది. "సీ వాట్? మిస్అండర్‌స్టాండింగ్ అని రాసేయ్, ఎవ్రీబడీ హ్యాపీ." అపార్థం. ఆ గడి ఫారంలో ఎప్పుడూ ఉంటుంది, టిక్కు పెడితే చాలు. మనిషిని చెడ్డవాడనక్కర్లేదు, మనిషిని అబద్ధాలకోరనక్కర్లేదు. సిగ్నల్లో నడిచే మనిషి పచ్చబొమ్మ వెలిగింది, జనం కదిలారు, ఆమె కదల్లేదు. హాజరా నవ్వింది కదా మరి. లడ్డు తింది కదా. అందరి ముందూ థాంక్యూ సార్ అంది కదా, వీరభద్రరావు ఆ మాట మూడుసార్లు గుర్తుచేశాడు. హాజరా కాదనలేదు. "అవును, అన్న మేడమ్" అంది. "మరి అప్పుడు నచ్చిందా?" అని కాత్యాయని అడిగితే, టిష్యూ డబ్బాని కాస్త దూరంగా జరిపింది. వెనక నుంచి ఎవరో "ఎక్స్‌క్యూజ్ మీ, ఆంటీ" అన్నారు. ఆంటీ రోడ్డు దాటింది.

దాటుతుండగా ముక్కుకి లావెండర్ వాసన తగిలింది. ఎవరి సెంటో. ఆ వాసన తగిలితే ఎప్పుడూ నాలుగడుగులు పక్కకి జరుగుతుంది, ఎందుకో చాలా ఏళ్ళు తెలియనట్టే ఉంది. తెలుసు. ఈ ఊరు వచ్చిన కొత్తలో, ఓడల కంపెనీలో మొదటి ఉద్యోగం. డబ్బాలో గోంగూర, వెల్లుల్లి తాలింపు. మూత తీయగానే అటుపక్క ఫ్యాను దిశ మార్చేవాళ్ళు, మాట మాత్రం ఎవరూ అనేవాళ్ళు కాదు. పుట్టినరోజున కేకు కోయించారు, పాట పాడారు, రిబ్బను కట్టిన పొట్లం చేతికిచ్చారు. విప్పితే గది వాసన పోగొట్టే స్ప్రే. లావెండర్. అందరూ చప్పట్లు కొట్టారు, ప్రేమగానే. తను ఏం చేసింది? థాంక్యూ అంది. ఒకసారి కాదు, ఒక్కొక్కరికీ విడివిడిగా అంది. ఇంకేం అనాలి, చేతిలో బహుమతి ఉండగా? కొట్టినవాడి చేయి పట్టుకోవచ్చు, ఇచ్చినవాడి చేయి ఎలా పట్టుకుంటావు? ఆ డబ్బా అయిపోయేదాకా వాడింది. అయిపోయాక తన డబ్బుతో ఇంకొకటి కొనుక్కుంది. గోంగూర మళ్ళీ తీసుకెళ్ళలేదు, బ్రెడ్డు ముక్కలకి జామ్ రాసుకుని వెళ్ళేది. అప్పుడెవరన్నా ఫొటో తీసి ఉంటే అందులో తనూ నవ్వుతూనే ఉండేది. పొద్దున ఆ ఫొటో చూస్తూ ఈ సంగతి ఎందుకు గుర్తుకు రాలేదు? బొట్టు చూసింది కాబట్టి. బొట్టు చూడగానే తను బల్లకి ఇటుపక్క కాక వీరభద్రరావు పక్కన కూర్చుంది, పసుపు వాసన తెలిసినవాళ్ళ పక్కన.

తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటరు కిక్కిరిసి ఉంది. ఎక్కడ చూసినా మూకుళ్ళలాంటి వోక్‌ల చప్పుడు, పొగ, తడి నేల మీద రబ్బరు చెప్పుల జరజర. ప్రతి బల్ల మీదా టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోప్ చేసేశారు, ఈ ఊళ్ళో టిష్యూ ప్యాకెట్టు వేస్తే రిజర్వేషను కింద లెక్క. ఇండియన్ స్టాలులో దోసె, ఇక్కడి మాటలో తోసై, తీసుకుంది, సాంబారు ఒలకకుండా ట్రే పట్టుకుని ఖాళీ కుర్చీ కోసం తిరిగింది. ఫ్యాను కింద లేదు, స్తంభం వెనక లేదు. చివరి వరసలో, చేతులు కడుక్కునే చోటుకి ఆనుకుని ఒక చిన్న బల్ల. ఒక కుర్చీలో హాజరా. ఎదుటి కుర్చీలో హాజరా సంచీ. ఆవిడ ముందు తెరిచిన స్టీలు డబ్బా, అందులో తెల్లగా పెరుగన్నం, ఓ పక్కన నిమ్మకాయ ఊరగాయ. పొద్దున అడిగితే చెప్పింది, "రోజూ తెచ్చుకునేది దహీ చావల్, లేకుంటే పచ్చిపులుసు మేడమ్. మటన్ తెచ్చింది ఒక్కనాడే, బక్రీద్ మర్నాడు. అందరికీ పెడదామనే తెచ్చిన. తినరని తెల్వదా అంటే తెల్సు, గని ఇంట్ల పండగైనంక ఉత్త చేతులతో ఎట్ల పోతం." హాజరా తలెత్తింది. చూసింది. ట్రే పట్టుకుని నిలబడ్డ కాత్యాయనిని గుర్తుపట్టి, ఎదుటి కుర్చీలోని సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

కుర్చీ ఖాళీ. కాత్యాయని పాదం ఆ వైపు పడింది కూడా. పడి ఆగింది. ఒక పక్షంతో కలిసి తినకూడదు. తల అడ్డంగా ఊపింది, కనీకనిపించకుండా, క్షమించు అన్నట్టు. కానీ ఆ దూరం నుంచి క్షమించు కనిపిస్తుందా, తల అడ్డంగా ఊపడం ఒక్కటే కనిపిస్తుందా? వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేశాక ఉండబట్టలేక చూసింది. హాజరా సంచీని మళ్ళీ కుర్చీలో పెడుతోంది. ముఖంలో కోపం లేదు. ఏమీ లేదు. అలవాటైన పని చేస్తున్న చేతులు, అంతే.

ఇద్దరు చీనా ముసలమ్మలు కాస్త జరిగి బల్ల కొసన చోటిచ్చారు. "సిట్, సిట్, గర్ల్." కూర్చుంది. తోసై తుంచింది, నోటిదాకా పోలేదు. రూలు ప్రకారమే చేశాను. సరిగ్గానే చేశాను. వీరభద్రరావు కూడా సరిగ్గానే చేశాడు, ఆవిడ మనసు కష్టపెట్టకూడదు, మావాళ్ళు ఇబ్బంది పడకూడదు. సరిగ్గా చేసినవాళ్ళందరూ కలిసి ఆవిడకి ఎదురుగా ఒక సంచీని కూర్చోబెట్టారు. ఆ పోలిక వద్దు. తన రూలు వేరు, ఆయన ఓవెన్ వేరు. ఏం వేరు? ముసలమ్మల్లో ఒకామె ఇంకొకామెకి చేప తలకాయ వడ్డిస్తూ ఎవరిదో పెళ్ళి సంబంధం చెబుతోంది, మధ్యలో ఎవరికో ఉద్యోగం ఇప్పించే సంగతి, మలయ్, చీనావాళ్ళ హోక్కియెన్, ఇంగ్లీషు కలగలిపి. రూలు అసలు ఎందుకు పెట్టారు? తోసై తింటే ఏం మునుగుతుంది? తినడానికి కూడానా అని ఆయన నవ్వాడు. తనూ మొదట్లో నవ్వింది, ట్రైనింగులో. అప్పుడు పాఠం చెప్పినాయన అన్నాడు, కలిసి తినేచోట తిండి ఒక్కటే జరగదు, మాటలు దొర్లుతాయి, ఒకరి కష్టం ఒకరికి తెలుస్తుంది, బల్ల మీంచి లేచేసరికి మీరు అతని వైపు ఒక అంగుళం ఒరిగి ఉంటారు, ఎదుటివాడికి ఆ అంగుళం నష్టం. అందుకే వద్దన్నారు. బల్ల దగ్గర ఏదో తేలిపోతుంది కాబట్టే.

చేతిలో తుంచిన ముక్క అలాగే ఉండిపోయింది. ఆఫీసులో అందరూ తినే పాంట్రీ గదిలో ఖాళీ ప్లగ్గు లేదని హాజరా ఓవెన్‌ని కారిడారు చివర స్టేషనరీ గదిలో పెట్టారు. వీరభద్రరావే చెప్పాడు, గది ఏసీ గది అని గొప్పగా చెప్పాడు. ఓవెన్ అక్కడ ఉంటే డబ్బా అక్కడ, డబ్బా అక్కడ ఉంటే మనిషీ అక్కడే. మిగతావాళ్ళు పాంట్రీ బల్ల చుట్టూ, పప్పు ఒకరిది, పచ్చడి ఒకరిది, వాళ్ళ భోజనాల సంగతి కూడా ఆయనే మురిసిపోతూ చెప్పాడు. మరి ఆ బల్ల దగ్గర ఏం తేలేది? బ్యాంకు ప్రాజెక్టుకి ఎవర్ని పంపాలో తేలేదా? ఎవరు కొత్త టీముకి లీడరో తేలేదా? ఓవెన్ కొన్న దగ్గర్నుంచీ, రెండేళ్ళుగా, హాజరా పేరు ఏ కొత్త ప్రాజెక్టులోనూ లేదు, ఫైల్లో ఉంది, చదివింది, పని రాకపోయి ఉంటుందిలే అనుకుని పేజీ తిప్పేసింది. ఊహ. ఇదంతా ఊహే. ఊహ మీద ఫైలు పైకి పంపితే డైరెక్టరు నవ్వుతాడు. అడగాలి. కానీ నేరం మోపినట్టు అడిగితే భీమవరం పెద్దమనిషి బిగుసుకుపోతాడు, లాయరు కావాలంటాడు. ఓవెన్ గురించి అడగకూడదు. ఆయన మురిసిపోయే సంగతి గురించే అడగాలి. కాత్యాయని లేచింది. "నాట్ ఈటింగ్ ఆ? సో వేస్ట్" అంది ముసలమ్మ. అప్పటికే ఆమె వరసల మధ్య నుంచి దాదాపు పరుగు నడక.

గదిలో ఏసీ మరీ చల్లగా ఉంది. ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. హాజరా ఈసారి కాత్యాయని వంక చూడలేదు. చూడదు, అది న్యాయమే. ఫారం ముందుంది, అపార్థం గడి ఖాళీగా ఉంది. వీరభద్రరావు ఫొటోని మళ్ళీ సర్దిపెట్టబోతుంటే కాత్యాయని అడిగింది, గొంతులో ఏమీ లేకుండా, పెళ్ళి భోజనాల్లో పక్కవాళ్ళని పలకరించినట్టు.

"మీ టీము బాగా కలిసికట్టుగా ఉంటుందన్నారు పొద్దున."

"ఉంటాదమ్మా. ఇంకో కంపెనీలో చూడరు మీరు. మాది ఫ్యామిలీ అండి, కంపెనీ కాదు."

"అయితే ఈ మీటింగుల గోల తక్కువే ఉంటుందేమో. బ్యాంకు ప్రాజెక్టుకి మనుషుల్ని ఎంచినప్పుడూ అంతేనా, మీటింగేమీ పెట్టలేదా?"

"మీటింగులా?" ఆయన కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నవ్వాడు. "మీటింగులు చీనావాళ్ళకండి. మాకు ఎవడేం చెయ్యాలి, ఎవడెక్కడికెళ్ళాలి, ఎవడికి ప్రమోషను, అన్నీ భోజనాల కాడే తేలిపోతాయ్. పప్పు వడ్డించుకునేలోపు సగం ప్లానింగు అయిపోద్ది. అక్కడ లేనోడికి..."

ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. ఆ తెరిచిన నోటితోనే హాజరా వైపు తిరిగాడు, తిరిగి ఫొటో మీద చేయి వేశాడు, ఎందుకు వేశాడో తెలియనట్టు ఆ చేయి అక్కడే వదిలేశాడు.  

"కావాలని కాదమ్మా" అన్నాడు చివరికి. గొంతు చిన్నదైపోయింది. "నువ్వే అనుకోమ్మా హాజరా, కావాలని చేస్తానా నేను?"

"చెయ్యరు సార్" అంది హాజరా.  "మీరు మంచోరే. చెడ్డోరైతే మొదటి నెలలనే వచ్చి చెప్పేదాన్ని. మీరు మంచోరని ఇక్కడిదాంక వచ్చుడుకు రెండేండ్లు పట్టింది."

ఆయన కాత్యాయని వైపు తిరిగాడు. అలవాటైన దిక్కుకి తిరిగినట్టు తిరిగాడు. "మీరు మనవాళ్ళు కదమ్మా. మీకు తెలుసు కదా మన పద్ధతి."

"తెలుసండీ. తెలుసు కాబట్టే అడగగలిగాను."

ఫారం మీద అపార్థం గడిని అలాగే వదిలేసి, కింద విచారణ గడిలో గీత పెట్టింది. పెన్ను కాగితం మీద గట్టిగానే నొక్కుకుంది. విచారణ అంటే కొన్ని నెలలు, ఆలోపు డిసెంబరు వచ్చేస్తుంది, ఆ మాటే ఆయనకి చెప్పబోయింది. చెప్పనవసరం లేకపోయింది. వీరభద్రరావు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఒక తెల్లకాగితం అడిగి పుచ్చుకుని, విచారణ తేలేవరకూ ఆవిడ కాంట్రాక్టు నడుస్తుందనీ, కలవదన్న మాట తనే రాశాడనీ, దాన్ని తనే వెనక్కి తీసుకుంటున్నాడనీ రాసి సంతకం పెట్టాడు. "మా ఎండీ నన్ను తిడతాడు" అన్నాడు పెన్నుకి మూత పెడుతూ.  తిట్లు తినాల్సిన వాళ్ళ వంతు మారడం ఆ గదిలో ఇదే మొదటిసారేమో.

డైరెక్టరుకి ఏం చెప్పాలో అల్లుకుంటూ కాత్యాయని బయటికి వచ్చేసరికి హాజరా కారిడారు కిటికీ దగ్గర నిలబడి ఫోనులో ఉంది. మొగుడితో. కిందకి చూస్తూ, వేలితో అద్దం మీద గీతలు గీస్తూ, ఇంట్లో మాట్లాడుకునే దక్కనీ ఉర్దూలో.

"సునో జీ, జైద్ కే కితాబాఁ లేలో. హౌ, చౌతీ క్లాస్ కే. స్కూల్ దుకాన్ బంద్ హోనేసే పహ్లే జావ్. నక్కో, అబ్ రుకో నక్కో."

జనవరిలో జైద్ వెళ్ళబోయే క్లాసు పుస్తకాలు కొనేయమంటోంది, ఇక ఆగవద్దంటోంది.